ఫువాతాయిగారి మూగనోము

పొరుగూరివాళ్ళు పెళ్ళికొచ్చినా చావుకొచ్చినా, మా ఊరి తరఫున లేచి నిలబడి మాట్లాడేవాడు ఫువాతాయి. చేతికర్ర నేలకి ఆనించి, కొబ్బరిపీచు కుచ్చుని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి విసిరి, గొంతు సవరించుకున్నాడంటే ఇక పొద్దు వాలాల్సిందే. ఆయన ఊరికి మాటపెద్ద. ఫువాతాయి అన్నది కూడా ఆ పదవితో వచ్చిన బిరుదే గాని పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. ఆ పేరు ఆయన చెల్లెలు లూపెకి తప్ప ఎవరికీ గుర్తులేదు. దీవులు ఎలా పుట్టాయో దగ్గర మొదలుపెట్టి, ఎవరి ముత్తాత ఎవరి ముత్తాతకి ఏ సొరచేప మాంసం పంచాడో చెప్పుకుంటూ వచ్చి, చివరికి చచ్చిపోయినవాడి మంచితనం దగ్గర ఆగేవాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. ఈలోగా పొయ్యిలో రాళ్ళ మధ్య పంది మాడిపోయేది.

అంత నోరూ తన ఇంటి మెట్టు ఎక్కేసరికి మూతపడేది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఇంటి సంగతి ఆ సామెత కట్టినవాడికి పట్టినట్టు లేదు.

మాట్లాడకపోవడమంటే నోరు మూసుక్కూర్చోవడమే కదా అనుకుంటారేమో. అది మామూలు మగవాళ్ళ అలక. ఫువాతాయి అలకకి ఒక పద్ధతీ పాడూ ఉన్నాయి. ఆయన అందరితోనూ మాట్లాడతాడు, ఒక్క భార్య సియేనితో తప్ప. కుక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాన గురించి చర్చిస్తాడు. వెనకింట్లో ఉండే చెల్లెల్ని కేకేసి, సియేని చెవిన పడేటంత గట్టిగా, కొందరి ఇళ్ళల్లో చేమదుంపలు ఉడికించాకే వడ్డిస్తారట అంటాడు. సియేనితో పని పడితే దగ్గు. ఒకసారి దగ్గితే ఉప్పు తక్కువైందని, రెండుసార్లు దగ్గితే నీళ్ళు కావాలని. కోకో చల్లారిపోతే గొంతు సవరించుకుని సముద్రం వైపు చూస్తాడు. ఇంటి పెద్ద తింటున్నంతసేపూ పక్కన కూర్చుని ఈగలు వాలకుండా విసనకర్ర విసరాల్సింది ఇల్లాలే కదా. అంత దగ్గర కూర్చున్న మనిషిని అసలు లేనట్టే చూసేవాడు. విసనకర్ర దానంతటదే ఊగుతోందని ఆయన ఉద్దేశం కాబోలు.

అన్నింటికీ మించింది సాయంత్రం ప్రార్థన. పొద్దుగూకేవేళ మొదటి గంట కొడితే ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళకి చేరాలి. రెండో గంటకి చాపల మీద కూర్చోవాలి. మూడో గంట కొట్టేదాకా రోడ్డు మీద పురుగు కనపడకూడదు. ఊరి యువకులు కర్రలు పట్టుకుని రోడ్డు పొడుగునా కాపలా నిలబడతారు. వాళ్ళకి దొరికినవాడు ఎంతటివాడైనా ఊరికి ఒక పంది ఇచ్చుకోవాలి. ఎంతటివాడైనా అన్న మాట పెద్దల సభలో పట్టుబట్టి చేర్పించింది ఫువాతాయే. దాని మీద ఆ రోజు ఆయన చేసిన ప్రసంగం ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలకలో ఉన్న ఫువాతాయి దేవుడి ముందు కూర్చోగానే నోరు తెరిచేవాడు. భార్యతో మాట్లాడడు గాని, భార్య గురించి దేవుడితో మాట్లాడతాడు. తండ్రీ, ఈ కప్పు కింద కొందరికి వినయం దయచేయి అంటాడు. మంచి ఇల్లాళ్ళని నువ్వు చాలామందినే పుట్టించావు, మా వైపు పంపడం మరిచావు అంటాడు. మా ఇళ్ళకి గోడలుండవు, స్తంభాలే. ఆ ప్రార్థన దేవుడికంటే ముందు పక్కింటివాళ్ళు వినేవాళ్ళు. ఆఖర్న అందరూ ఆమెన్ అనాలి. తన మీద వేసిన ఫిర్యాదుకి తనే సాక్ష్యం చెప్పినట్టు సియేని కూడా అనాలి. అనేది.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమె ఏడ్చింది. ఆయనకిష్టమని కొబ్బరిపాలు పోసి చేమాకు కూర వండింది. తప్పేదో తెలియకపోయినా తప్పయిపోయిందని కాళ్ళ దగ్గర కూర్చుంది. తప్పేంటో తెలియకుండా క్షమాపణ అడగడం ఆయన దృష్టిలో ఇంకో తప్పు, దానికి ఇంకో నాలుగు రోజులు. చివరికి పాస్టరు దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది. ఆయన రొట్టె ముక్క కోకోలో ముంచుకుంటూ, కొట్టడం లేదు కదా తల్లీ అన్నాడు. నోరెత్తని మొగుడు దొరకడం కొందరికి వరమని కూడా అన్నాడు. పాస్టరు పెళ్ళాం పక్కనే కూర్చుని విసనకర్ర విసురుతోంది. ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. సియేని లేచి ఇంటికొచ్చేసింది.

ఆ అలకలు ఎందుకొచ్చేవో ఎప్పుడూ తెలిసేది కాదు, ఎందుకు పోయేవో కూడా అంతే. ఒక పొద్దున్న ఏమీ జరగనట్టు, సీమపనస కాలిందా అని అడిగేవాడు. అడిగింది దేవుడైనట్టు ఇంట్లో అందరి ప్రాణాలూ లేచొచ్చేవి. కారణం మాత్రం ఆయన కడుపులోనే ఉండిపోయేది. ఏ పెద్ద నేరం చేశానో అని సియేని లోలోపల వెతుక్కునేది. మాటలతో బతికే మనిషి మాటలే మానుకున్నాడంటే ఎంత గాయపడి ఉండాలి అనుకునేది, పిచ్చిది.

ఎప్పుడని చెప్పలేం గాని, కొన్నేళ్ళకి ఏడుపు పోయి ఏవగింపు వచ్చింది. ఏవగింపు ఏడుపుకంటే సుఖం, కళ్ళు మండవు. ఆడవాళ్ళందరూ కూర్చుని మొగలాకు చాపలు అల్లే పాకలో ఆమె మొగుడి అలకల మీద కబుర్లు చెప్పి నవ్వించేది. మాటపెద్దగారు ఇవాళ ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే, బెల్లం కొట్టిన రాయిలా ఉన్నారని చెప్పేది. మూగనోము పట్టారు, ఉద్యాపన ఎప్పుడో వారికే తెలియాలి అనేది. లూపె కూడా అన్నని వెనకేసుకొచ్చే మనిషి కాదు.

"చిన్నప్పుడూ ఇదే బుద్ధి వదినా. అమ్మ చేప తల నాకు పెట్టిందని వారం రోజులు అలిగాడు. వాడు మాట్లాడట్లేదన్న సంగతి మాకు వారం తర్వాత వాడే చెప్తే తెలిసింది" అనేది లూపె.

పాకంతా గొల్లుమనేది. సియేని కూడా నవ్వేది. ఇంటికెళ్ళి మళ్ళీ విసనకర్ర పట్టుకునేది. ఆ నవ్వుతో తను గెలిచాననే అనుకుంది.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు సెఫో పెళ్ళి చేసుకుని పెద్ద దీవి నుంచి ఎసెతాని తీసుకొచ్చాడు. ఆ పిల్ల నోరు మూతపడదు. పడవలో వస్తుంటే ఎవరెవరు వాంతులు చేసుకున్నారో, ఎవరు ఎవరి ఒళ్ళో చేసుకున్నారో మెట్టు మీద అడుగుపెడుతూనే వరసగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కోళ్ళు చెట్లెక్కి ఎందుకు పడుకుంటాయో చెప్పింది. దుంపలు చెక్కుతూ మాట్లాడేది, బట్టలుతుకుతూ మాట్లాడేది, నిద్దట్లో కూడా మాట్లాడుతుందని సెఫో మురిసిపోతూ చెప్పేవాడు. సియేనికి ఆ పిల్ల మీద ఎక్కళ్ళేని ప్రేమ పుట్టింది. మనుషులు మాట్లాడుకునే ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

పొరుగూరి పెద్దాయన ఒకాయన పోతే, ఫువాతాయి వెళ్ళి ఊరి తరఫున మాట్లాడి వచ్చాడు. ఇంటిల్లిపాదీ వెళ్ళారు. తిరిగొచ్చిన రోజు నుంచే మూగనోము మొదలైంది. సియేనికి అదేం కొత్త కాదు. నిట్టూర్చి ఊరుకుంది. కొత్త సంగతేమిటంటే, తర్వాత కొన్నాళ్ళకి సెఫో కూడా పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. మొదట వాడికి పంటినొప్పేమో అనుకుంది సియేని. లవంగం ఇవ్వబోయింది. వాడు నాకేం అమ్మా, బాగానే ఉన్నాను అని శుభ్రంగా పళ్ళన్నీ కనపడేలా చెప్పాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రి పక్కన కూర్చుని తింటూ సెఫో రెండుసార్లు దగ్గాడు. ఎసెతా విసనకర్ర ఆపి వాడి వీపు నిమిరింది, పొలమారిందనుకుని. వాడు ఆ చేతిని భుజంతో పక్కకి తోసి, సముద్రం వైపు చూశాడు. ఫువాతాయి తల వంచుకుని దుంప నములుతూనే మీసంలో నవ్వుకున్నాడు. విద్య వంటబట్టిన శిష్యుణ్ణి చూసి గురువు నవ్వే నవ్వు. అది సియేని కంటపడింది.

ఆ మధ్యాహ్నం వంటపాక వెనక ఇద్దరూ కొబ్బరి తురుముతున్నారు. ఎసెతా మాట్లాడటం లేదు. తురుము చప్పుడు తప్ప ఏమీ వినపడకపోవడం సియేనికి భరించరానిదైంది. కాసేపటికి ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది.

"అత్తయ్యా, నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదే."

"ఏం చెయ్యకపోతే ఎందుకు మాట్లాడడు? రాత్రి కూడా అటు తిరిగి పడుకున్నాడు. నా తప్పేంటో చెప్పమని అడిగితే కుక్కని పిలిచి బయట పడుకోమన్నాడు."

సియేని తనకి తెలిసిందే చెప్పింది. అలవాటు పడాలంది. అడక్కూడదు, అడిగితే ఇంకా పెరుగుతుందంది. ఒకసారి దగ్గితే ఉప్పు, రెండుసార్లు దగ్గితే నీళ్ళు, గొంతు సవరించుకుంటే కోకో వేడి చెయ్యాలని చెప్పింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఒకటి ఉప్పు, రెండు నీళ్ళు అని తనలో తను గొణుక్కుంది. కొబ్బరిచిప్ప మీద సియేని చెయ్యి ఆగిపోయింది.

"మరి మీరేం చేసేవాళ్ళు అత్తయ్యా, ఇన్నాళ్ళూ?"

"నవ్వుకునేదాన్ని."

"నాకు నవ్వు రావట్లేదు" అంది ఎసెతా.

సియేనికి సిగ్గేసింది. ఆ సిగ్గు ఆమెకి మొగుడు తెప్పించింది కాదు. ఇన్నేళ్ళూ చాపలపాకలో నవ్విన నవ్వులన్నీ లెక్కేస్తే, వాటివల్ల ఆ మనిషికి ఒక్క ముద్ద తగ్గింది లేదు, ఒక్క పూట విసనకర్ర ఆగింది లేదు. వెనక ఎంత వెటకారం చేసినా ముందు మాత్రం దగ్గుకి నీళ్ళు అందించింది. సెఫో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే. మగవాడు నోరు మూసుకుంటే చాలు, ఇల్లంతా వాడి చుట్టూ తిరుగుతుంది. వాడికి ఆ విద్య నేర్పింది తండ్రి ఒక్కడే కాదు. ఇప్పుడు ఈ గలగలలాడే పిల్లని కూర్చోబెట్టుకుని దగ్గులకి అర్థాలు చెబుతోంది తను. ఇంకో పదేళ్ళకి ఇది కూడా చాపలపాకలో కూర్చుని నవ్విస్తుంది. పాస్టరు పెళ్ళాం మొహం ఒకటి ఆమె కళ్ళ ముందు కదిలింది. ఈ పిల్లని అలా కానివ్వకూడదు అనుకుంది.

ముందు కొడుకుని అడిగింది. వాడు ఒడ్డున పడవకి చిల్లు పూడుస్తున్నాడు. ఏమైందిరా అంటే ఏం లేదన్నాడు. ఏం లేకపోతే మాట్లాడచ్చు కదరా, ఆ పిల్ల కుమిలిపోతోంది అంది.

"నాన్న మాట్లాడతారా?" అన్నాడు సెఫో తలెత్తకుండా. "మన ఇంట్లో ఇది కొత్తా అమ్మా?"

విత్తనం ఒకటైతే మొక్క ఇంకొకటి మొలుస్తుందా. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది సియేనికి. ఎత్తబోయిన చెయ్యి దించుకుని ఇంటిదారి పట్టింది.

సాయంత్రం రెండో గంట కొట్టారు. నలుగురూ చాపల మీద కూర్చున్నారు. పాట పాడారు. ఫువాతాయి వాక్యం చదివాడు. ప్రార్థన దగ్గరికొచ్చేసరికి ఆయన తను మొదలుపెట్టకుండా గడ్డం ఎత్తి కొడుకు వైపు చూపించాడు. ఇవాళ నువ్వు చెయ్యమని. అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచారు. సెఫో గొంతు సవరించుకున్నాడు, అచ్చు తండ్రిలాగే.

దుంపలిచ్చినందుకు, వాననిచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పాడు. ఆ తర్వాత, "తండ్రీ, ఈ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుక మీద అదుపు దయచేయి" అన్నాడు. "ఎక్కడ ఏం మాట్లాడాలో వాళ్ళ ఊళ్ళో నేర్పలేదు. నువ్వైనా నేర్పు."

సియేని ఒక కన్ను తెరిచి చూసింది. ఎసెతా తల ఇంకా కిందకి వంగిపోయింది. పెదవులు వణుకుతున్నాయి. ఆమెన్ అనడానికి సిద్ధపడుతోంది ఆ పిల్ల.

"ఇంకా, తండ్రీ," అంది సియేని.

సెఫో నోట్లో ఆమెన్ అలాగే ఉండిపోయింది. ప్రార్థన మధ్యలో ఎవరైనా అందుకోవచ్చు, అది తప్పు కాదు. అందుకున్నాక వాళ్ళు ముగించేదాకా కళ్ళు తెరవకూడదు, అడ్డు రాకూడదు, కదలకూడదు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది.

"ఇంకా, తండ్రీ, నా పెనిమిటికి నువ్విచ్చిన నోటికి వందనాలు. ఎంత గొప్ప నోరిచ్చావు. నాలుగూళ్ళ జనానికి పంచినా తరగని నోరు. అందరికీ పంచేసరికి మా ఇంటికి మాత్రం దగ్గులు మిగిలాయి. వాటికి కూడా వందనాలు."

ఫువాతాయి ఒకసారి దగ్గాడు.

"ఇప్పుడు ఉప్పు సంగతి కాదు తండ్రీ," అంది సియేని.

ఆయన రెండుసార్లు దగ్గాడు, గట్టిగా.

"నీళ్ళు ప్రార్థన అయ్యాక ఇస్తాను."

పక్కింట్లో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అప్పటిదాకా చుట్టుపక్కల ఇళ్ళల్లో వినిపిస్తున్న ప్రార్థనలు ఒక్కొక్కటీ త్వరత్వరగా ముగిసిపోతున్నాయి. దేవుడితో తమ పని తర్వాత చూసుకోవచ్చుననుకున్నట్టున్నారు. ఫువాతాయి మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయాడు. ఎదురుగా రోడ్డు మీద కర్ర పట్టుకుని కాపలా కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఎంతటివాడైనా అన్న మాట ఆయనదే కదా. మళ్ళీ చతికిలబడ్డాడు.

సియేని తొందరపడలేదు. మొగుడి దగ్గరే విని విని నేర్చుకున్న ప్రసంగం, ఎక్కడ ఆపాలో ఎక్కడ లాగాలో ఆమెకి తెలియకేం. పెళ్ళైన కొత్తలో వచ్చిన మొదటి మూగనోము దగ్గర మొదలుపెట్టింది. అప్పుడు తప్పేంటో చెప్పలేదు తండ్రీ, అంది. సెఫో కడుపులో ఉన్నప్పుడు ఒకటి పట్టాడు, అదీ చెప్పలేదు. మా అమ్మ పోయినప్పుడు ఒకటి. నేను ఏడుస్తున్నాను, ఆయన కుక్కతో మాట్లాడుతున్నాడు. నువ్వు అన్నీ చూసేవాడివి, నువ్వైనా చెప్పు, ఈసారి నా నేరమేంటి అని అడిగింది. చొక్కా ఇస్త్రీలో మడత పడిందా? చేప తల ఎవరికైనా పెట్టానా?

వెనకింట్లోంచి లూపె పకపకా నవ్వింది. ఆవిడ మర్యాదలు పాటించే వయసు దాటిపోయింది.

"ఇంకా, తండ్రీ," అంది సియేని, ఈసారి గొంతు తగ్గించి. "నా కోడలు నన్ను అడిగింది, నేనేం చేశానత్తయ్యా అని. మా ఇంటికి నవ్వుతూ వచ్చిన పిల్ల. దానికి నేను దగ్గులకి అర్థాలు చెప్పాను. అది నా పాపం, నన్ను క్షమించు. ఇక చెప్పను. ఈ ఇంట్లో మగవాళ్ళకి బాధేంటో నోరు తెరిచి పెళ్ళాం మొహం మీద చెప్పేదాకా నేను ఆమెన్ అనను. మూడో గంట కొట్టినా అనను. తెల్లారినా అనను. రేపు పెద్దల సభకి ఎవరు వెళతారో, ఎలా వెళతారో నాకు తెలియదు. ఇంకా, తండ్రీ..."

"ఆవలించావు!" అన్నాడు ఫువాతాయి.

ఆయనకి చిన్న గొంతు లేదు. నాలుగూళ్ళ జనానికి వినిపించడానికి అలవాటుపడ్డ గొంతు. అది రోడ్డు దాటి, అవతలి ఇళ్ళు దాటి, సముద్రం దాకా పోయింది. కాపలా కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు.

సియేని కళ్ళు తెరిచింది. అందరూ తెరిచారు.

"శవం ముందు, మూడూళ్ళ పెద్దల ముందు, నేను మాట్లాడుతుంటే నువ్వు ఆవలించావు. సరిగ్గా మా ముత్తాత పేరు దగ్గర. నోరంతా తెరిచి."

చెప్పాక ఆయన పెదవి వణికింది. నిజంగానే బాధపడ్డాడు పాపం. అదే సియేనికి ఇంకా అసహ్యమనిపించింది. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు ఇన్నేళ్ళకి ఒక్క కారణం బయటపడింది, అది ఆవలింత. మిగతావి కూడా ఇంతకంటే పెద్దవి కావని ఆమెకి ఒక్కసారిగా తెలిసిపోయింది. ఏ తుమ్ముకో, ఏ చూపుకో, ఏ నవ్వుకో తను నెలల తరబడి తనలో లేని నేరాలు వెతుక్కుంది. అమ్మ పోయిన వారంలో కూడా ఇలాంటిదే ఏదో అయి ఉంటుంది. ఆ మనిషి మౌనంలో ఏదో లోతుందని నమ్మిన రోజులు గుర్తొచ్చి ఆమెకి తన మీద జాలి, ఆయన మీద రోత కలిగాయి.

"అంతేనా?" అంది.

ఆయన మీసం సవరించుకున్నాడు.

"ఆ రోజు కోడి కుయ్యకముందు లేచి, మన ఊరి వంతుగా ఆ చావుకొచ్చినవాళ్ళందరికీ దుంపలు చెక్కింది నేను. నువ్వు మీ ముత్తాత దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆవలించాను. మళ్ళీ అంతసేపు మాట్లాడితే మళ్ళీ ఆవలిస్తాను. ఈలోగా ఎప్పుడైనా అడిగితే చెప్పేదాన్ని కదయ్యా."

ఫువాతాయి నోరు తెరిచాడు. ఆ ప్రసిద్ధమైన నోట్లోంచి ఈసారి ఏం వస్తుందోనని పక్కిళ్ళవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు.

"కోకో పెట్టు," అన్నాడు.

ఈ మాట కోసమా ఇన్నాళ్ళూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎదురుచూశాను అనుకుంది సియేని. లేవలేదు.

మూడో గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఎసెతా తలెత్తి, సెఫో వైపు తిరిగి కూర్చుంది. ఏడ్చిన మొహం ఇంకా ఆరలేదు.

"మామయ్యగారిది తెలిసింది. మరి నీదేంటి?"

సెఫో తండ్రి వైపు చూశాడు. తండ్రి సముద్రం వైపు చూస్తున్నాడు. ఇక ఆ వైపు నుంచి వచ్చే సాయమేమీ లేదని వాడికి అర్థమైంది.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి నన్ను కుక్కకంటే హీనంగా చూశావా? చెప్పు."

వాడు చాప అంచు పీకాడు. చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి కారణం విన్నాక తనది నోట్లోంచి తియ్యడం వాడికి ఎంత కష్టంగా ఉందో చూస్తుంటేనే తెలుస్తోంది.

"చేప," అన్నాడు చివరికి. "మొన్న నేను పట్టుకొచ్చిన చేప. ఒడ్డున అందరూ ఉన్నారు. అందరి ముందూ... చిన్నదన్నావు."

ఎసెతా ఆలోచిస్తూ వాడి మొహంలోకి చూసింది. సియేనికి భయమేసింది. క్షమించు అంటుందేమో. అలా అనడం ఎంత తేలికో ఆమెకి తెలుసు. ఆ ఒక్క మాట అంటే ఇవాళ్టికి గొడవ సద్దుమణుగుతుంది, సెఫో సీమపనస సంగతి అడుగుతాడు, ఆ పిల్ల ప్రాణం లేచొస్తుంది. బతుకంతా ఇక అంతే. అనకే తల్లీ అని లోపల్లోపల వేడుకుంది.

"చిన్నదే," అంది ఎసెతా.

"చిన్నదేం కాదు!"

"చిన్నదే. తల, తోక తీసేస్తే నలుగురికీ తలా ఒక ముక్క రాలేదు. మీ అమ్మ తన ముక్క నాకు పెట్టి ఉత్త దుంప తింది. నువ్వు చూడలేదా?"

"మోచేతి దాకా ఉందే!"

"ఎవరి మోచెయ్యి? పసిపిల్లాడిదా?"

"ఎసెతా, ఇదిగో చూడు, ఇంత ఉంది. ఇంత." సెఫో చేతులు రెండూ చాచి చూపించాడు. కోపంలో తను మాట్లాడకూడదన్న సంగతే మరిచిపోయాడు. "గాలి ఎదురుంది. పడవ కారుతోంది. ఆ మాత్రం పట్టడమే గొప్ప. నీకేం తెలుసు?"

"చెబితే కదా తెలిసేది. గాలి సంగతి చెప్పావా? పడవ కారుతోందని చెప్పావా? చెప్పుంటే చిన్నదైనా గొప్పదే అనేదాన్ని."

"అంటే చిన్నదేనంటావు!"

"చిన్నదే."

ఫువాతాయి లేచి, చేతికర్ర కూడా తీసుకోకుండా చీకట్లోకి నడిచాడు. కోకో సంగతి మళ్ళీ ఎత్తలేదు. సియేని వెళుతున్న ఆయన వీపు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. రేపటి నుంచి ఇంకో మూగనోము పడతాడు, సందేహం లేదు. పట్టుకోనీ, కుక్క ఉంది వినడానికి. ఆమె స్తంభానికి చేరగిలబడి కాళ్ళు చాపుకుంది. సెఫో ఇంకా చేతులు చాచే ఉన్నాడు. ఎసెతా ఆ రెండు చేతుల్నీ పట్టుకుని దగ్గరికి జరుపుతోంది, చేప అసలు కొలత ఇదీ అని. వాడు గుంజుకుంటున్నాడు. ఇద్దరూ ఊరంతా వినేలా అరుచుకుంటున్నారు. ఆ ఇంట్లో ఒక మగవాడు తన పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచి, ఆమె మొహంలోకి చూస్తూ పోట్లాడటం సియేని వినడం అదే మొదటిసారి.